డాబామీది ఎండ – మీటరు న్యాయము

ప్రభుత్వ నియమమును చదువుటయు కావ్యమును చదువుటయు ఒక విధమున సమానమే. ఏ మాట ఎవరి పక్షమున నిలుచుచున్నదో చూడవలెను. గంజాం జిల్లాలో ఇంటి కప్పుమీది సౌరవిద్యుత్తును గూర్చి వినవచ్చు ప్రకటనలన్నియు రాయితీని కీర్తించునవే. కాని న్యాయాన్యాయములు తేలునది మీటరు వద్ద.

రాయితీ ఉదారమైనదే, కాదనను. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ‘సూర్యఘర్’ పథకమున రెండు కిలోవాట్లవరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, వెరసి 78,000 లభించును. ఒడిశా ప్రభుత్వము మూడు కిలోవాట్లకు మరి 60,000 చేర్చినది. కిలోవాటుకు దినమునకు సుమారు నాలుగు యూనిట్లు పుట్టును గనుక, మూడు కిలోవాట్లు మధ్యతరగతి కుటుంబమునకు చాలును.

పగలు ఇంట వాడగా మిగిలిన విద్యుత్తు తీగవెంట బయటికి పోవును; రాత్రి అదే తీగవెంట లోనికి వచ్చును. ఈ రాకపోకల తేడాకు మాత్రమే బిల్లు వేయుట నెట్ మీటరింగు. పొరుగింటికి శేరు బియ్యము చేబదులిచ్చి, శేరు బియ్యమే తిరిగి పుచ్చుకొనుట వంటిది. ఆ ధర్మము సంవత్సరాంతమున తప్పుచున్నది. ఒడిశా విద్యుత్ నియంత్రణ సంఘపు తొలి ఉత్తర్వులలోనే, ఏడాది వాడకమున 90 శాతమునకు మించిన ఉత్పత్తి లెక్కకు రాదను నిబంధన కలదు. తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు ఖర్చున్నదనియు, పలకలు లేని బీదలపై ఆ భారము పడుననియు పంపిణీదారులు చెప్పుదురు. ఈ వాదము తోసివేయదగినది కాదు. అయినను మిగులును ఉచితముగా పుచ్చుకొని, ప్రక్క యింటికి పూర్తి ధరకు అమ్ముట దానికి సమాధానము కానేరదు. టోకుధరయైనను చెల్లింపవలెను. 2021 జనవరి 1 నుండి మన ప్రాంతపు పంపిణీ సంస్థలో టాటా పవరుకు 51, రాష్ట్రప్రభుత్వమునకు 49 పాళ్ళు కలవు. ఇంత వాటా గలవారికి ఈ విషయమున నోరు లేదనుటకు వీలు లేదు!

ఇంతకన్న పెద్ద లోపము వేరొకటి కలదు. విద్యుత్తు వాడకము పెరిగినకొలది ధర పెరుగును; కావున ఎక్కువ వాడు ఇంటికే ఆదా ఎక్కువ. బరంపురపు పాత వీథులలో గోడకు గోడ కలిసిన ఇండ్లలో కప్పు ఒకరిది, బిల్లు మరియొకరిది. అద్దెకున్న నేతగానికి ఈ పథకము ఏమి ఇచ్చుచున్నది? ఢిల్లీలో 2019 నుండి, ఒకచోటి ఉత్పత్తిని పలువురి బిల్లులలో పంచు పద్ధతికి నియమములు కలవు. బరంపురము నగరపాలక సంస్థ బడుల, బజారుల కప్పులను అట్టి ఉమ్మడి ఉత్పత్తికి ఇచ్చినచో డాబా లేనివారికిని వాటా దక్కును. పథకము స్థానికసంస్థలకు ఒక్కొక్క అమరికకు 1,000 రూపాయల ప్రోత్సాహక మిచ్చుచున్నది. కాని అది సంఖ్యకు ఇచ్చు బహుమానము, లబ్ధిపొందినవా రెవరని అడుగదు.

మరియొక సంగతి. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ తుఫానును మనము మరువలేదు. సరఫరా పోయినపుడు సామాన్యపు సౌరయంత్రము తనంతట ఆగిపోవును. లేనిచో తీగలు బాగుచేయు పనివానికి ప్రాణాపాయము. చీకటిలో దీపము కావలెనన్న బ్యాటరీ వేరుగా ఉండవలెను. ఈ మాట ప్రకటనలలో కానరాదు. తుఫాను ఆశ్రయములకు, ఆసుపత్రులకు ముందుగా బ్యాటరీ నిచ్చుట స్థానిక ప్రభుత్వపు పని.

2024 ఫిబ్రవరి సవరణ ప్రకారము పది కిలోవాట్లలోపు దరఖాస్తునకు సాంకేతిక పరిశీలన అక్కరలేదు. అమర్చిన పిమ్మట పదునైదు దినములలో సంస్థ దానిని ప్రారంభింపవలెను. ఐదు కిలోవాట్లవరకు తీగలు బలపరచు ఖర్చును సంస్థదే. ఇవి తెలియనివాడు కార్యాలయము చుట్టు తిరుగును. మన ఇండ్లలో ఒడియా, ఇంగ్లీషు కాగితములను పెద్దలకు చదివి చెప్పువారు తరచుగా పిల్లలే. ఈ మూడు నియమములను ఒక పుట తెలుగున అచ్చువేయించి, ప్రతి బడి ద్వారా ఇంటింటికి పంపుట మన సంఘము ఈ సంవత్సరమే చేయదగిన పని.