మూర్తిమత్వ రకాలు, మానసిక ఆరోగ్యం: పరీక్షలు ఎంతవరకు చెప్పగలవు?

మూర్తిమత్వాన్ని రకాలుగా విభజించే సిద్ధాంతాలను, లక్షణాంశాలుగా కొలిచే సిద్ధాంతాలను మీరు కిందటి భాగంలో చదివారు. ఆ తేడా మీకు రెండు మార్కుల ప్రశ్నగా మాత్రమే కనిపించి ఉండవచ్చు. కాని ఒక వ్యక్తికి మానసిక రుగ్మత వచ్చే అవకాశం ఎంత అని అడిగినప్పుడు, ఆ తేడాయే అసలు విషయమవుతుంది.

బాగా ప్రచారంలో ఉన్న మైయర్స్-బ్రిగ్స్ సూచికను మొదట తీసుకుందాం. యూంగ్ 1921లో ప్రచురించిన సిద్ధాంతం ఆధారంగా కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ దీన్ని రూపొందించారు. ఇద్దరూ మనోవిజ్ఞానశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. ఆ ఒక్క కారణంతో పరీక్షను తోసిపుచ్చడం న్యాయం కాదు. లోపం కొలిచే పద్ధతిలో ఉంది. ఈ సూచిక నాలుగు జంటలలో ప్రతి జంట నుంచి ఒక వైపును ఎంచి, మనుషులందరినీ 16 రకాలుగా విడదీస్తుంది. అయితే అంతర్ముఖత, బహిర్ముఖతలను కొలిచినప్పుడు ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. నూటికి 50 వద్ద గీత గీశామనుకోండి. 49 వచ్చిన విద్యార్థిని అంతర్ముఖి, 51 వచ్చిన ఆమె స్నేహితురాలు బహిర్ముఖి అవుతారు. 5 మాత్రమే వచ్చిన వ్యక్తి, 49 వచ్చిన విద్యార్థిని మాత్రం ఒకే రకం! కొన్ని వారాల తర్వాత మళ్ళీ పరీక్ష రాస్తే చాలామంది రకం మారడానికి ముఖ్య కారణం ఇదే. వారి మూర్తిమత్వం మారలేదు, వారు గీత దాటారంతే.

"కాని ఫలితం అచ్చం నా గురించే రాసినట్టుంది" అని మీరు అనవచ్చు. 1948లో అమెరికా మనోవిజ్ఞానవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి వివరణ వారికి విడిగా ఇస్తున్నట్లు చెప్పి, అందరికీ ఒకే వివరణ ఇచ్చాడు. అందులోని వాక్యాలు ఎక్కువగా ఒక జ్యోతిష పుస్తకం నుంచి తీసుకున్నవి. అది తమకు ఎంత బాగా సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే, సగటు 4.26 వచ్చింది. వారఫలాలు చదివే ఇళ్ళలో పెరిగిన మనకు ఇది మరీ వింతగా తోచకపోవచ్చు.

లక్షణాంశాలను కొలిచే పరీక్షలు ఇంతకంటే గట్టివి. న్యూరాటిసిజమ్ ఎక్కువగా ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన రుగ్మతలు ఎక్కువగా కనిపిస్తాయని అనేక అధ్యయనాలు చూపాయి. దీన్ని కాదనలేం. అయినా రెండు విషయాలు గమనించండి. మొదటిది, న్యూరాటిసిజమ్ ప్రశ్నావళి "తరచు దిగులుగా ఉంటుందా?" అనే తరహాలో అడుగుతుంది. కుంగుబాటు ప్రశ్నావళీ అదే అడుగుతుంది. ఒకే విషయాన్ని రెండుసార్లు అడిగి, జవాబులు కలిశాయని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు. పైగా కుంగుబాటులో ఉన్నప్పుడు ఈ మార్కులు పెరిగి, కోలుకున్నాక తగ్గుతాయి.

రెండవది, సమూహం గురించి నిజమైనది వ్యక్తి గురించి నిజం కానక్కరలేదు. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 1000 మంది విద్యార్థులలో 50 మందికి కుంగుబాటు ఉందనుకోండి. మన పరీక్ష రుగ్మత ఉన్నవారిలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, లేనివారిలో నూటికి 20 మందిని పొరపాటున పట్టుకుంటుంది. అంటే 50 మందిలో 40 మంది, మిగిలిన 950 మందిలో 190 మంది పట్టుబడతారు. "ప్రమాదం ఉంది" అనిపించుకున్న 230 మందిలో నిజంగా రుగ్మత ఉన్నవారు 40 మందే. 190 మంది మోసే అనవసర భయం గురించి అందరూ మాట్లాడతారు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది తప్పిపోయిన 10 మంది. రెండు వారాలుగా నిద్రపట్టక, తిండి సహించక, పుస్తకం తెరవలేక ఉన్న విద్యార్థికి "నీది ధైర్యవంతుల రకం" అని కాగితం ఇస్తే, అతడు వైద్యుని దగ్గరికి వెళ్ళడు. టెలి-మానస్ నంబరు 14416కు ఫోను కూడా చేయడు. వైద్యులు చూసేది ఆ లక్షణాలను, అవి ఎన్నాళ్ళుగా ఉన్నాయన్నదాన్ని, రోజువారీ పనులు ఎంత దెబ్బతిన్నాయన్నదాన్ని. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా రుగ్మత నిర్ధారణకు ఆమోదిత వైద్య ప్రమాణాలనే కోరుతుంది.

మరి వైద్యశాలల కోసమే తయారైన పరీక్షల మాటేమిటి? 1943 నాటి మిన్నెసోటా బహుముఖ మూర్తిమత్వ శోధిక చాలా జాగ్రత్తగా కట్టిన పరీక్ష. జవాబులలో దాపరికాన్ని పసిగట్టే మాపనులు కూడా అందులో ఉన్నాయి. కాని "సాధారణ వ్యక్తి" అంటే ఎవరో నిర్ణయించడానికి మొదట ఆధారమైనవారు 724 మంది, అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రికి రోగులను చూడవచ్చినవారు. 1989లో గాని ఈ ప్రమాణాలను విస్తృతంగా సవరించలేదు. ఏ పరీక్షనైనా తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు ఈ చిక్కు రెట్టింపవుతుంది. "నాకు పార్టీలంటే ఇష్టం" అనే వాక్యానికి మన గ్రామాల్లో ఏ పార్టీ అని ఎదురుప్రశ్న వస్తుంది. "కొత్తవారితో చొరవగా మాట్లాడతాను" అన్నదానికి ఒక కొత్త కోడలు ఇచ్చే జవాబు ఆమె స్వభావాన్ని చెబుతుందా, పక్కన అత్తగారు ఉన్నారని చెబుతుందా?

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై లెక్కలోని పరీక్షనే మానసిక వైద్యశాలకు వచ్చిన 1000 మందికి పెట్టారు. వారిలో 500 మందికి కుంగుబాటు ఉంది. "ప్రమాదం ఉంది" అనిపించుకున్నవారిలో నిజంగా రుగ్మత ఉన్నవారు ఎందరు? పరీక్ష మారకుండానే ఫలితం ఎందుకు మారిందో అయిదు వాక్యాలలో రాయండి.