బతికి బట్టకట్టినవారి సాహిత్యం

మూడేండ్ల క్రితం నేనొక ఉపన్యాసం రాసి ఇచ్చాను. అందులో భాషాదోషాలు లేవు. చప్పట్లు పడవలసిన చోట్లు కూడా లెక్కగానే ఉన్నాయి. ఐనా అది మంచి రచన కాదు. ఎందుకు కాదో తేల్చుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. తేలిన సంగతులు ఇక్కడ చెబుతాను.

మా పెద్దవదినకు రొమ్ము కాన్సరుకు ఆపరేషను జరిగి అప్పటికి పదేండ్లు నిండాయి. వైద్యం చేసిన ఆసుపత్రివారు, అయిదేండ్లూ పదేండ్లూ దాటిన స్త్రీలను పిలిచి ఒక సభ జరపదలచారు. ఉద్దేశం మంచిదే. కొత్తగా జబ్బుపడినవారు వీరిని కళ్లారా చూస్తే ధైర్యం తెచ్చుకుంటారు. వదినను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె ఆహ్వానపత్రం తెచ్చి నా బల్లమీద పెట్టి, "ఎవరెవరి పుస్తకాల మీదనో రాస్తావు గదా, నాకొక పేజీ రాసిపెట్టు" అన్నది. రాశాను. యుద్ధం, శత్రువు, ఆయుధం, విజయం, ఈ మాటలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. చివరి వాక్యంలో మా వదిన 'విజేత' అయింది.

ఆమె రెండుసార్లు చదువుకుని కాగితం మడిచింది.

"బాగానే ఉందయ్యా. మరి నా పక్కమంచం ఆవిడ ఇందులో ఏదీ?"

"ఆవిడ నాలుగో నెలలోనే పోయింది గదా వదినా."

"పోయింది. నేను గెలిచానంటే ఆవిడ ఓడిపోయినట్టేగా? ఇద్దరికీ ఒకటే మందు ఎక్కించారు. ధైర్యం మాటకొస్తే ఆవిడ ముందు నేనెంత? రాత్రిళ్లు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆవిడే."

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది.

సాహిత్యపత్రికలో ఈ విషయం ఎందుకని కొందరు అడగవచ్చు. జబ్బునుంచి బయటపడినవారు తమ అనుభవాన్ని తోటివారికి చెప్పడం ఈనాడు ఒక ప్రత్యేకమైన రచనాప్రక్రియ. కథలకూ నవలలకూ లేని అవసరంతో దీన్ని చదివే పాఠకులు ఉన్నారు. రేపు ఆపరేషను బల్ల ఎక్కబోయే మనిషి చదివే రచనలో అబద్ధం దొర్లితే అది కేవలం శిల్పలోపం కాదు. కనుక విమర్శకుడు దీన్ని పక్కకు నెట్టడం న్యాయం కాదు.

ఈ ప్రక్రియకు చరిత్ర కూడా ఉన్నది. ఇంగ్లీషు నవలారచయిత్రి ఫానీ బర్నీకి 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో కుడిరొమ్ము కోసి తీశారు. కోసినవారిలో ముఖ్యుడు నెపోలియన్ సైన్యానికి శస్త్రవైద్యుడైన లారే. మత్తుమందు అప్పటికి లేదు. ఈథర్ వచ్చింది 1846లో. ఆమెకు దొరికిన మత్తల్లా కాస్త ద్రాక్షసారాయి. ఆ సంగతంతా ఆమె మరుసటి సంవత్సరం తన అక్క ఎస్తర్‌కు ఉత్తరంగా రాసింది. రాయడానికి నెలలు పట్టింది. రాసినదాన్ని మళ్లీ చదువుకునే శక్తి లేదని ఆ ఉత్తరంలోనే చెప్పుకున్నది. ఆ తరువాత ఆమె 28 ఏండ్లకు పైగా బతికి, 1840లో 87వ ఏట కన్నుమూసింది. ఆ గడ్డ కాన్సరో కాదో నేటి పరీక్షలతో తేల్చే వీలు లేదు. కాని సాహిత్యానికి కావలసింది అది కాదు. ఆ ఉత్తరంలో విజయం ఊసే లేదు. కత్తి ఉన్నది, తన కేక ఉన్నది, కోస్తున్న డాక్టరు ముఖం పాలిపోవడం ఉన్నది. రెండువందల ఏండ్ల తరువాత చదివినా మనకు ధైర్యం కలుగుతుంది. 'ధైర్యంగా ఉండు' అని ఆమె ఎక్కడా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, చెప్పడానికి మిగిలింది. అంతే.

ఇక 'విజేత' అనే మాట సంగతి. ఇంగ్లీషువారి 'సర్వైవర్'కు మన పత్రికలు పెట్టిన పేరు ఇది. ఆ ఇంగ్లీషు మాట కాన్సరు విషయంలో ప్రచారానికి రావడానికి ముఖ్యకారణం ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికన్ డాక్టరు. ఆయనకే కాన్సరు వచ్చింది. రోగులను 'నయమైనవారు, కానివారు' అని రెండుగా చీల్చడం తప్పని ఆయన 1985లో రాశాడు. బతికి ఉండడమనేది రోగం తేలిన నాటినుంచే మొదలయ్యే సాగుదల అనీ, దానికి ఋతువులున్నాయనీ ఆయన వాదం. అంటే నిన్న జబ్బు తేలిన మనిషి కూడా ఆయన లెక్కలో 'సర్వైవరే'. ఇంత విశాలమైన మాటను మనం తెచ్చుకుని, దానికి కిరీటం తగిలించి 'విజేత'ను చేశాం. విజేత ఉన్నచోట పరాజిత ఉండక తప్పదు. మా వదిన పట్టుకున్న తప్పు ఇదే.

మన భాషలో ఇంతకన్న మంచి మాట లేకపోలేదు. 'బతికి బట్టకట్టింది' అంటాం. 'గండం గడిచింది' అంటాం. ఈ మాటల్లో ప్రగల్భం లేదు. ప్రాణం దక్కిందన్న ఊరట ఉన్నది, మళ్లీ బట్ట కట్టుకుని రోజువారీ పనిలో పడడం ఉన్నది. గండం మళ్లీ రాదన్న హామీ లేదు. ఆ హామీ వైద్యశాస్త్రం కూడా ఇవ్వదు. రొమ్ము కాన్సరులో ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న రకం, అయిదేండ్లు మందు వాడి ఆపిన తరువాత కూడా, ఇరవయ్యో ఏటివరకు తిరిగివచ్చే అవకాశం ఉన్నదని 2017లో ప్రచురితమైన పెద్ద పరిశీలన ఒకటి చూపింది. ఐదేండ్ల గీత లెక్కలవారి సౌకర్యం కోసం గీసుకున్న గీత. దాన్ని దాటిన రోజున పాయసం వండుకోవడం తప్పు కాదు. ఐతే అది కోటగోడ కాదు.

ఇంత చెప్పినందుకు, ఈ వేడుకలన్నీ బూర్జువా భ్రమలని కొట్టిపారేయాలని నేనంటున్నట్టు అభ్యుదయవాదులలో కొందరు సంతోషపడవచ్చు. వారితోనూ నాకు పేచీ ఉన్నది. మన ఇళ్లలో ఈ జబ్బును ఎలా దాచుతారో వారు మరచిపోతున్నారు. ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని దాచుతారు. మొగుడికి చెప్పడానికి సిగ్గుపడి దాచుతారు. దాచేలోపల గడ్డ చంకలోకి పాకుతుంది. ఇటువంటి చోట ఒక స్త్రీ వేదిక ఎక్కి, 'నాకు ఈ జబ్బు వచ్చింది, పదేండ్లయింది, ఇదుగో ఉన్నాను' అనడం చిన్న పని కాదు. ఆ మాట విని ఒక్క స్త్రీ నెలముందు డాక్టరు దగ్గరకు పోయినా ఆ సభ సార్థకమే.

కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న, ప్రోత్సాహం కావాలా అక్కరలేదా అని కాదు. ఏది ప్రోత్సాహం అన్నదే ప్రశ్న.

అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆమెకు 1952లో రొమ్ము తీసివేశారు. తరువాత ఎలా బతకాలో చెప్పేవారు లేక, ఆమే ఆసుపత్రుల వెంట తిరిగి కొత్తగా ఆపరేషనైనవారికి చెప్పడం మొదలుపెట్టింది. డాక్టర్లు తొలిరోజుల్లో మెచ్చలేదు. 1969లో అమెరికన్ కాన్సర్ సొసైటీ ఆ పనిని తన కార్యక్రమంగా చేసుకున్నది. ఆ సందర్శకులు తెచ్చే మూటలో ఒక తాడు, ఒక రబ్బరుబంతి, ఒక కృత్రిమ రొమ్ము ఉండేవి. తాడూ బంతీ ఎందుకంటే చంకలోని గ్రంథులు తీసివేస్తే చెయ్యి పైకి లేవదు. దాన్ని మళ్లీ లేపుకునే వ్యాయామానికి. తల దువ్వుకోలేక ఏడ్చే మనిషికి, తనవంటి మరొక మనిషి వచ్చి చెయ్యెత్తి చూపడంకన్న ప్రోత్సాహం ఏముంటుంది?

కాని ఆ మూటలోని మూడో వస్తువు దగ్గరే తగాదా వచ్చింది. నల్లజాతి కవయిత్రి ఆడ్రి లార్డ్‌కు 1978లో రొమ్ము తీసివేశారు. సందర్శకురాలు తెచ్చిన గొర్రెబొచ్చు దిండు ఆమె పెట్టుకోలేదు. దిండు లేకుండా డాక్టరు దగ్గరకు వెళితే, అలా రావడం తక్కిన రోగుల మనస్థైర్యానికి మంచిది కాదని నర్సు మందలించింది. 1980లో వెలువడిన 'ది కాన్సర్ జర్నల్స్'లో లార్డ్ ఈ ఘట్టం మీద నిలబడి ఆలోచిస్తుంది. ఎవరి మనస్థైర్యం? దిండు చాటున అందరూ దాగితే, ఒకే గాయం తగిలిన స్త్రీలు ఒకరినొకరు గుర్తుపట్టేదెలా? ఒక్కరొమ్ము స్త్రీలు దండుకట్టి కాంగ్రెసు మీదికి పోయి, పశువుల మేతలో కాన్సరుకారకమైన హార్మోన్లు వాడరాదని అడిగితే ఏమవుతుందని ఆమె ఊహిస్తుంది. వైయక్తికమైన బాధ సామాజికమైన ప్రశ్నగా ఎలా మారుతుందో తెలియాలంటే ఆ పుస్తకం చదవాలి. లాసర్ మనిషిని మంచంమీంచి లేపింది. లార్డ్ లేచిన మనిషిని వీధిలోకి నడిపింది. రెండూ కావలసిన పనులే. దిండు పెట్టుకోవడం తప్పని నేననను. పెట్టుకోకపోవడాన్ని తప్పుగా ఎంచడమే తప్పు.

రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలి పని మరొక రకం. 1974లో ఆమెకు జబ్బు తేలిన నాటి ఆనవాయితీ ఏమిటంటే, గడ్డ పరీక్షకని మత్తు ఇచ్చి, కాన్సరని తేలితే అదే మత్తులో రొమ్ము తీసివేయడం. లేచేసరికి ఉన్నదో లేదో రోగికి తెలియదు. కుష్నర్ దీనికి ఒప్పుకోలేదు. 1975లో పుస్తకం రాసింది. డాక్టర్ల సభల్లో వాదించింది. 1979లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థలు కూర్చిన నిపుణుల సంఘంలో ఆమె సభ్యురాలు. పరీక్ష వేరుగా, ఆపరేషను వేరుగా జరగాలని ఆ సంఘం సిఫారసు చేసింది. ఆమె రాసిన అక్షరం కొన్నివేలమంది స్త్రీలకు ఆలోచించుకునే వ్యవధి ఇచ్చింది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. కుష్నర్ 15 ఏండ్లకు పైగా బతికి 1990లో ఇదే జబ్బుతో పోయింది. లార్డ్ 14 ఏండ్లు బతికి 1992లో ఇదే జబ్బుతో పోయింది. 'విజేత' నిఘంటువు ప్రకారం వీరిద్దరూ ఓడిపోయినవారు. ఆ నిఘంటువు ఎంత పనికిమాలినదో ఇంతకన్న రుజువు అక్కరలేదు.

ఉల్లాసాన్ని విధిగా చేయడం మీద తిరగబడినది బార్బరా ఎరెన్‌రైక్. 2001లో 'హార్పర్స్' పత్రికలో ఆమె రాసిన వ్యాసం గులాబీ రిబ్బన్లనూ, రోగులకు కానుకగా ఇచ్చే ఎలుగుబంటి బొమ్మలనూ ఎగతాళి చేసింది. ఆమె కోపం బయటపెడితే తోటి రోగులే ఆమెను మందలించారు. నవ్వుతూ ఉంటేనే బతుకుతావన్న నమ్మకానికి ఆధారమేమని ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నకు శాస్త్రం కొంత జవాబు చెప్పింది. ముదిరిన రొమ్ము కాన్సరున్న స్త్రీలు గుంపుగా కూర్చుని మనసు విప్పుకుంటే ఎక్కువకాలం బతుకుతారని 1989లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్పీగెల్ బృందం 86 మందిని చూసి చెప్పింది. కెనడాలో గుడ్విన్ బృందం ఇంకా ఎక్కువమందితో పరీక్షించి, ఆయుర్దాయం పెరగదని 2001లో తేల్చింది. ఐతే అదే పరిశీలనలో మరొకటి కూడా తేలింది: అధికంగా కుమిలిపోతున్న స్త్రీలకు మనోవ్యథ, నొప్పి తగ్గాయి. సాహిత్యపరులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. మన మాటలు ఆయువు పోయవు. నొప్పిని తోటివారితో పంచుకునేలా చేస్తాయి. అది తక్కువ పనేమీ కాదు. ఇంతకూ ఎరెన్‌రైక్ ఆ వ్యాసం తరువాత ఇరవై ఏండ్లకు పైగా బతికి, 2022లో పక్షవాతంతో పోయింది. కోపిష్ఠులు కూడా బతికి బట్టకడతారు.

మరి ఆయువు పోసేదేమిటి? 2010, 2014 మధ్య జబ్బు తేలినవారిని దేశాలవారీగా లెక్కకట్టిన ఒక అంతర్జాతీయ పరిశీలన 2018లో వచ్చింది. అయిదేండ్లు దాటినవారు అమెరికాలో నూటికి 90 మంది, భారతదేశంలో సుమారు 66 మంది. ఈ తేడా మన స్త్రీలకు ధైర్యం తక్కువైనందువల్ల వచ్చిందా? ఆలస్యంగా తేలడం, దూరంలోని ఆసుపత్రి, పోయే కూలి, మధ్యలో ఆపివేసే వైద్యం, వీటన్నిటివల్ల వచ్చింది. 'ఆత్మబలంతో జయించింది' అని మనం రాసినప్పుడల్లా ఈ కారణాలన్నిటినీ తుడిచివేస్తున్నాం.

మందు సంగతీ అంతే. మెథోట్రెక్సేట్‌ను తయారుచేసిన లెడర్లీ పరిశోధకులకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లో చనిపోయాడు. ఆ మందు రొమ్ము కాన్సరుమీద పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ అనే నల్లజాతి వైద్యురాలు చూపింది. దాన్ని మరి రెండు మందులతో కలిపి ఆపరేషను తరువాత ఇస్తే రోగం తిరిగిరావడం తగ్గుతుందని మిలాన్‌లో బొనడొన్న 1976లో రుజువుచేశాడు. ఒక స్త్రీ పదేండ్లు దాటిందంటే వెనుక ఇంతమంది శ్రమ ఉన్నది. ఆ మందుల పరీక్షలకు ఒప్పుకుని, ఫలితం చూడకుండా పోయిన పేరులేని స్త్రీలున్నారు. వారిని వదలిపెట్టిన విజయగాథ అసంపూర్ణం.

నా ఉపన్యాసంలోని దోషం ఇప్పుడు చెప్పగలను. అందులో మనిషి ఒంటరిగా గెలిచింది. భయం లేదు, డబ్బు లేదు, ఆసుపత్రి లేదు, పక్కమంచం లేదు.

వదిన నా కాగితం తీసుకుపోలేదు. సభలో ఆమె అయిదు నిమిషాలు మాట్లాడింది. పక్కమంచం ఆవిడ ఏ ఊరిదో, ఎలా నవ్వేదో ముందు చెప్పింది. కుడిచెయ్యి ఎత్తి జడ వేసుకోవడానికి తనకు ఎన్నాళ్లు పట్టిందో చెప్పింది. ఇప్పటికీ ప్రతి పరీక్షకు ముందురోజు రాత్రి నిద్రపట్టదని చెప్పింది. "గడ్డ తగిలితే దాచకండమ్మా. తోడు లేకపోతే నాకు ఫోను చెయ్యండి, నేను వెంట వస్తాను" అని దిగిపోయింది.

చప్పట్లు వెంటనే పడలేదు. వెనక వరసలో, తలకు గుడ్డ చుట్టుకుని కూర్చున్న ఒక చిన్నపిల్ల లేచి వచ్చి, వదిన నంబరు రాసుకుని వెళ్లింది.