వితర్కశమనం, ఆలోచనల పరీక్ష: ఒక పోలికకు గల హద్దులు

బుద్ధ భగవానుడే తొలి కాగ్నిటివ్ చికిత్సకుడన్న మాట బౌద్ధ సదస్సులలో తరచు వినవస్తున్నది. వినడానికి ఇంపుగా ఉన్నా, ఈ మాట సుత్తపాఠానికి గాని, చికిత్సకు గాని పూర్తి న్యాయం చేయదు. మజ్ఝిమనికాయంలోని 20వ సుత్తమైన వితక్కసంఠాన సుత్తం ఆధారంగా ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ముందుగా చికిత్స సంగతి. మనోవిశ్లేషణలో శిక్షణ పొందిన అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్, 1960ల ఆరంభంలో, కుంగుబాటుతో బాధపడేవారి మాటలలో ఒక విశేషం గమనించాడు. దుఃఖం ముంచుకు రావడానికి ముందు ‘నేను దేనికీ పనికిరాను’ వంటి ఆలోచన పిలవకుండానే వచ్చిపోతున్నది. రోగి దానిని ఆలోచనగా గుర్తించక, సత్యంగా స్వీకరిస్తున్నాడు. అందుచేత కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో రోగి ఆ ఆలోచనను కాగితంపై వ్రాసుకుంటాడు. దానికి అనుకూలమైన, ప్రతికూలమైన సాక్ష్యాలను చికిత్సకుడితో కలిసి తూచి చూస్తాడు. మానివేసిన పనులను కొద్దికొద్దిగా మళ్ళీ చేపడతాడు. భయంతో తప్పించుకుంటున్న సందర్భాలను క్రమంగా ఎదుర్కొంటాడు. బెక్, ఆయన సహచరులు 1979లో ప్రచురించిన గ్రంథంలో స్టోయిక్ తత్వవేత్తలతో పాటు బౌద్ధాన్ని కూడా స్మరించారు. కనుక ఈ పోలిక నిరాధారమైనది కాదు.

సుత్తం అధిచిత్తసాధనలో ఉన్న భిక్షువుకు అయిదు ఉపాయాలు చెబుతుంది. అకుశల వితర్కం తలెత్తినప్పుడు మనస్సును కుశలమైన మరొక నిమిత్తంపై నిలపాలి. వడ్రంగి సన్నని మేకుతో మోటు మేకును వెళ్ళగొట్టినట్లు. అది ఫలించకపోతే ఆ వితర్కంలోని ఆదీనవాన్ని చూడాలి. అప్పటికీ పోకపోతే దానిని పట్టించుకోకూడదు. తరువాత, వేగంగా నడిచేవాడు నెమ్మదించి, నిలిచి, కూర్చుని, పడుకున్నట్లు వితర్కసంస్కారాన్ని శమింపజేయాలి. ఇవేవీ సాగకపోతేనే పళ్ళు బిగించి, నాలుకను అంగిలికి అదిమి, చిత్తంతో చిత్తాన్ని అణచాలి.

లండన్‌లో పనిచేసిన శ్రీలంక మనోవైజ్ఞానికుడు పద్మల్ డి సిల్వా 1980లలోనే ఈ ఉపాయాలను ఆధునిక ప్రవర్తనా చికిత్సా పద్ధతులతో జాగ్రత్తగా పోల్చి చూపాడు. ఆ పోలికకు విలువ ఉన్నది. అయితే ఉపాయాల పోలిక వేరు, ప్రయోజనాల ఏకత్వం వేరు. మొదటిదాని నుంచి రెండవదానికి దూకడంలోనే దోషమున్నది.

చికిత్స అడిగే ప్రధానమైన ప్రశ్న ‘ఈ ఆలోచన నిజమా?’ అన్నది. సుత్తం అడిగేది ‘ఇది ఛంద, దోస, మోహాలతో కూడినదా?’ అని. ఒకడు నిజంగానే నాకు అపకారం చేశాడనుకుందాం. సాక్ష్యం పరీక్షకు ఆ ఆలోచన నిలుస్తుంది; అయినా దానిని అంటిపెట్టుకున్న ద్వేషాన్ని విడువమంటుంది సుత్తం. చికిత్సకుడు కూడా ఆ ఆలోచన రోగికి మేలు చేస్తున్నదా అని అడుగుతాడు, నిజమే. కాని ఆ మేలుకు కొలమానం రోగి నిద్ర, పని, సంసారం మళ్ళీ గాడిన పడటం. అధిచిత్తసాధన గమ్యం ఇంతటితో ఆగదు.

అయిదవ ఉపాయం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెల్ల ఎలుగుబంటిని తలచవద్దన్నవారికి ఆ తలపే మళ్ళీ మళ్ళీ వచ్చిందని డేనియల్ వెగ్నర్ బృందం 1987లో ప్రయోగపూర్వకంగా చూపింది. ఓసీడీతో బాధపడేవారిని చికిత్సకులు తలపును అణచమనరు. తలపును రానిచ్చి, దాని వెంట చేసే కడుగుడు వంటి క్రియలను మానే అభ్యాసం చేయిస్తారు. సుత్తం అణచివేతను చిట్టచివర, అదీ శిక్షణ పొందిన సాధకుని కోసం ఉంచింది. ఆ క్రమాన్ని విడిచి దానిని వ్యాధిగ్రస్తునికి ఉపదేశిస్తే అపకారమే జరుగుతుంది.

సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ రూపొందించిన 8 వారాల స్మృతి ఆధారిత చికిత్స ఈ రెండు సంప్రదాయాలకు చక్కని కూడలి. దాని హద్దులను కూడా వారే చెప్పారు: అది మొదట కుంగుబాటు నుంచి కోలుకున్నవారికి వ్యాధి తిరగబెట్టకుండా ఉద్దేశించినది, 2000లో వెలువడిన తొలి పరీక్షలో 3 లేదా అంతకు మించిన సార్లు కుంగుబాటుకు లోనైనవారికే స్పష్టమైన మేలు కనిపించింది.

ఈ చర్చ పండితులకే పరిమితం కాదు. నిద్రలేక, బ్రతుకు మీద ఆశలేక విహారం గడప తొక్కేవారు ఉంటారు. బుద్ధుడే వైద్యుడు కదా అని వారికి ధ్యానమొక్కటే చెప్పి పంపితే, పోలికను చికిత్సగా పొరబడినట్లే. ఓపికగా వినడం, మానసిక వైద్యుని వద్దకు తోడు వెళ్ళడం కూడా కరుణయే. రోగికి సేవ చేసినవాడు తనకు సేవ చేసినట్లేనని తథాగతుడు వినయంలో భిక్షువులకు బోధించాడు. సుత్తాన్ని సుత్తంగా, చికిత్సను చికిత్సగా నిలిపినప్పుడే రెండింటి గౌరవమూ దక్కుతుంది.