రెండు పరమాణువుల కెమిస్ట్రీ

ఇంటర్ ల్యాబ్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకు తెలుసు, చేతిలో చిటికెడు ఉప్పుంటే కెమిస్ట్రీ ఎంత ధీమాగా ఉంటుందో. రంగు చూస్తాం, వేడి చేస్తాం, తేలకపోతే ఇంకో చిటికెడు అడుగుతాం. ఏళ్ల తరబడి ఆ పాఠమే చెప్పిన నాకు, రెండే పరమాణువులతో ఒక మూలకం గుణం తేల్చారంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

2007లో నేచర్ పత్రికలో వచ్చిందా పని. మూలకం 112వది. కోపర్నీషియం అన్న పేరు 2010లో గానీ రాలేదు. రష్యాలోని దుబ్నాలో, స్విట్జర్లాండ్‌కు చెందిన రాబర్ట్ ఐక్లర్ బృందం ప్లుటోనియం మీదికి కాల్షియం-48 కేంద్రకాలను వారాల తరబడి కొట్టించింది. ఎప్పుడో ఒకటి అతుక్కుంటే 114 పుడుతుంది. అర సెకనులో అది ఆల్ఫా కణాన్ని వదిలి 112 అవుతుంది. దాని అర్ధాయువు నాలుగు సెకన్లే.

పట్టికలో దీని గడి పాదరసం కిందే. అయినా ఇది జడవాయువులా ఎవరితోనూ కలవకపోవచ్చని పిట్జర్ అనే శాస్త్రవేత్త 1975లోనే అన్నాడు. అంత బరువైన కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ల వేగం ఐన్‌స్టీన్ లెక్కల్లోకి వచ్చేస్తుంది; బయటి జంట కూడా లోపలికి ముడుచుకుంటుంది.

తేల్చడానికి బంగారాన్ని నమ్ముకున్నారు. పాదరసం తగిలితే ఉంగరం తెల్లబడుతుందని "తీసి రండమ్మా" అంటూ ల్యాబ్‌లో నేను అరిచేది బంగారానికి పాదరసం అంటుకునే ఈ గుణం వల్లే. బంగారు పూత పూసిన డిటెక్టర్లను వరసగా పేర్చారు: ఒక కొస గది వేడిలో, రెండో కొస మైనస్ 180 డిగ్రీల దగ్గర. వాయువుతో పాటు పరమాణువు వాటి మధ్య సందులోంచి పోతుంది. పాదరసమైతే మొదట్లోనే అంటుకుంటుంది, జడవాయువైన రాడాన్ అయితే చిట్టచివరి చలిదాకా జారుతుంది. 112 ఎక్కడ ఆగిందో తెలిసేది అది విచ్ఛిన్నమయ్యేటప్పుడే: ముందు ఆల్ఫా, వెంటనే విచ్ఛిత్తి. ఆ జంట గుర్తు రెండుసార్లు కనబడింది, రెండూ రాడాన్ చోటికి చాలా ఇవతల. లోహమేనన్నమాట, కాకపోతే పాదరసమంత గట్టి పట్టు లేనిది.

తర్వాత మరో మూడు దొరికాయి. ఆ ఐదింటితో బంగారం మీద దాని పట్టు మోల్‌కు 52 కిలోజౌళ్లని లెక్కగట్టారు. మోల్ అంటే ఆరు పక్కన 23 సున్నాలు. ఆ యూనిట్‌ను అంత నిబ్బరంగా రాసిన చేతిని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.