చీలా పోసే చెయ్యి

1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. పనికోసం వచ్చిన మన తెలుగువాళ్లు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. భిలాయి-3లో మా ఇంట్లో అట్టంటే పప్పు నానాలి, పిండి పులియాలి. ఇక్కడి ఛత్తీస్‌గఢీ అట్టు చీలాకైతే బియ్యప్పిండి, ఉప్పు, నీళ్లు చాలు. అందుకే పనితనమంతా చేతిలోనే ఉంది. చీలా బండి దగ్గర దీదీ మజ్జిగంత పల్చటి పిండిని కాలిన పెనం మీద అంచుల నుంచి మధ్యకి పోస్తుంది, మూత పెడుతుంది. పైన ఆవిరికి మగ్గి, అడుగు వదిలిందో లేదో అట్లకాడ దూర్చి ఒక్క ఊపున తీస్తుంది. ఎక్కడా చిరగదు! ఎంత సాధనో అది. పక్కన సన్నికల్లు మీద నూరిన టమాటా పచ్చడి, పచ్చిమిర్చి ఘాటుతో. చల్లారితే చీలా సాగుతుంది, పెనం మీంచి దిగగానే తినాలి. ఇటువైపు వస్తే పోహా-జలేబీతో సరిపెట్టుకోకండి, చీలా అడిగి పోయించుకోండి.