ఇచ్చిన కూతురు: కుంతి దత్తతపై ఒక పరిశీలన

తెలుగు విమర్శలో కుంతి ప్రస్తావన సాధారణంగా నదిలో వదిలిన పెట్టె దగ్గర మొదలవుతుంది. ఆమెను సమర్థించేవారూ నిందించేవారూ అక్కడి నుంచే వాదిస్తారు. తరగతి గదిలో విద్యార్థులూ అంతే. అంతకుముందే ఆమె ఒక ఇంటి నుంచి బంధువుల ఇంటికి పెంపకానికి వెళ్లిన బిడ్డ అన్న సంగతి కేవలం వంశవివరంగా మిగిలిపోయింది. వ్యాసభారతంలో ఆ సంగతి వేర్వేరు సందర్భాలలో వేర్వేరు గొంతులతో వినిపిస్తుంది. ఆ గొంతుల తేడాను పట్టించుకోకపోతే కుంతి పాత్రలో ఒక ముఖ్యమైన పొర మనకు అందదు.

ఆదిపర్వంలో చెప్పేది కథకుడు. సంతానం లేని తన మేనత్త కొడుకు కుంతిభోజునికి తొలి బిడ్డను ఇస్తానని శూరుడు ముందే మాట ఇచ్చాడు. పృథ పుట్టింది, మాట ప్రకారం ఇచ్చాడు. మిత్రుడు మిత్రునికి ఇచ్చాడని కథకుడు మెచ్చుకోలుగానే చెబుతాడు. బిడ్డ పుట్టకముందే ఒప్పందం ముగిసిందన్నది అతనికి ప్రశ్నగా తోచదు.

అరణ్యపర్వంలో మాట్లాడేది పెంచిన తండ్రి. ఉగ్రస్వభావుడైన బ్రాహ్మణ అతిథి సేవకు ఆమెను నియోగిస్తూ, ఆమె వృష్ణివంశంలో పుట్టిందనీ, శూరుని ప్రియపుత్రిక అనీ, తండ్రి సంతోషంగా తనకు ఇచ్చాడనీ గుర్తుచేస్తాడు. పైకి ప్రశంసే. కన్నకూతురికి పని చెప్పే తండ్రికి మాత్రం ఇంత వంశావళి అవసరం ఉండదు. ఆ అతిథి ఇచ్చిన మంత్రమే కర్ణజననానికి దారితీసింది.

ఉద్యోగపర్వంలో ఎట్టకేలకు కుంతి మాట్లాడుతుంది. రాయబారిగా హస్తినకు వచ్చిన కృష్ణునితో తన కష్టాలు చెప్పుకుంటూ తననూ నిందించుకోదు, సుయోధనుణ్ణీ నిందించదు. నింద అంతా తండ్రి మీదే. చేత బంతి పట్టుకుని ఆడుకునే వయసులో, సొమ్ము ఇచ్చినట్టు తనను ఇచ్చేశాడని ఆమె బాధ. ఆదిపర్వ కథకుడు వాడిన ‘మిత్రుడు మిత్రునికి’ అన్న మాటే ఇక్కడ ఆమె నోట వస్తుంది. అక్కడ ఔదార్యానికి గుర్తైన మాట ఇక్కడ అభియోగమైంది. వింటున్నవాడు ఆ శూరుని మనుమడే. బంధువుల మధ్య దత్తతలో ఇచ్చినవారు కనుమరుగు కారు. అందుకే గాయమూ పాతబడదు.

17వ శతాబ్దికి చెందిన నందపండితుడు దత్తకమీమాంసలో కూతురినీ దత్తత తీసుకోవచ్చని వాదిస్తూ శాంతను, పృథను ఉదాహరణలుగా చూపాడు. దత్తతకు దగ్గరి సపిండులకే, అందులోనూ సోదరుని కొడుకుకే ప్రాధాన్యమిచ్చిన గ్రంథమది. నిదర్శనం కావడానికి పృథను ఇచ్చి ఉంటే చాలు. ఆమె ఏమన్నదన్నది అక్కరలేదు. శాస్త్రకారునికి అది సహజమే కావచ్చు. సాహిత్య విమర్శ కూడా అదే దారిన నడవడం సమంజసం కాదు.

మరొక చిక్కు ఉంది. అర్జునుడు సుభద్రను పెళ్లాడటాన్ని తెలుగువారు మేనరికంగానే చూస్తారు. సుభద్ర వసుదేవుని కూతురు, వసుదేవుడు పృథకు పుట్టింటి సోదరుడు. దత్తత పుట్టింటి బంధాన్ని పూర్తిగా తెంచిందనుకుంటే ఈ మేనరికం నిలవదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా పుట్టింటి బంధాలు తెగిపోయినట్టు భావిస్తూనే, వివాహ నిషేధాల వరకు వాటిని నిలిపి ఉంచింది. భారతంలో అర్జునుడు పార్థుడూ అవుతాడు, కౌంతేయుడూ అవుతాడు. తల్లి రెండు పేర్లూ కొడుకు పిలుపులలో కొనసాగాయి. ఆమెకు మాత్రం రెండిళ్లలో ఏదీ పూర్తిగా తనది కాలేదు.

కుంతి మాటలకు కృష్ణుని జవాబు గమనించదగింది. మేనత్తను ఓదారుస్తూ, శూరమహారాజు కుమార్తెవై అజమీఢుల ఇంటికి వచ్చావు, ఒక మడుగు నుంచి మరో మడుగుకు చేరినట్టు వచ్చావు అన్న భావంతో ఆమెను కొనియాడతాడు. తండ్రిపై నిందకు అందులో సమాధానం లేదు. పుట్టిల్లు ఉంది, మెట్టినిల్లు ఉంది. కుంతిభోజుని ఇల్లు లేదు.