పావు తిప్పులో పనితనం

కొత్తగూడ దాటి ఆఫీసు వైపు పోతుంటే వెనక చక్రంలో టింగుమని చప్పుడైంది. రాయి ఎగిరి తగిలిందనుకున్నాను. పది గజాలు పోయేసరికి రిమ్ము బ్రేకుకు రాసుకోవడం మొదలైంది. దిగి చూస్తే గేర్ల వైపు పుల్ల ఒకటి హబ్బు దగ్గర వంపులో తెగి వేలాడుతోంది.

మాదాపూర్ లోపలి గల్లీలో ఒక మెకానిక్ అన్న ఉన్నాడు. సెక్యూరిటీ గార్డుల నల్ల సైకిళ్లూ, సాఫ్ట్‌వేర్ వాళ్ల గేర్ల సైకిళ్లూ ఆయన ముందు ఒకే వరుసలో ఉంటాయి. నల్ల సైకిలుకు ముందు 32 పుల్లలు, వెనక 40. నా దానికి రెండు చక్రాలకూ 32. ఎవరిదైనా ఆయన చేతిలో ఉండేది అదే అరిగిపోయిన స్పోక్ కీ.

"ఒక్కటే ఇరిగిందనుకుంటున్నరు సార్. పక్కయి సూడుండ్రి" అంటూ గోటితో పుల్లలను వరసగా మీటాడు. ఒకటి ఖంగుమంది, ఒకటి బొద్దుగా పలికింది, ఒకటి అసలు పలకనే లేదు.

ఈ చక్రం పని చేసే తీరు తెలిస్తే ఆ మీటడంలో అర్థం తెలుస్తుంది. ఎద్దుబండి చక్రంలో కింది ఆకులు బరువును కర్రకాళ్లలా మోస్తాయి. సైకిలు పుల్ల 2 మిల్లీమీటర్ల తీగ. నెడితే వంగిపోతుంది, దానికి లాగడమే వచ్చు. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెనలోనూ బరువు మోయడానికి తీగలకున్న దారి అదే. ఇలా తీగల లాగుడుతో నిలబడే తేలికపాటి చక్రాన్ని 1808లోనే జార్జ్ కేలీ ఊహించాడు, అదీ ఎగిరే యంత్రం కోసం. పుల్లలను హబ్బు నుంచి ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేలా అల్లే పద్ధతికి 1874లో కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్నాడు. పెడల్ తొక్కిన బలం హబ్బు నుంచి రిమ్ముకు చేరేది ఆ ఏటవాలు వల్లే.

చక్రం తిరిగేటప్పుడు నేల వైపున్న పుల్లలు కాస్త సడలి, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తాయి. నా చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకు 470 సార్లకు పైగా ఈ సడలింపు, బిగింపు. ఇనుప తీగను వేళ్లతో అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగదూ, ఇదీ అలాంటిదే. తెగింది ఆ రోజే కానీ, పుల్ల అలసిపోయి చాలా నాళ్లయింది. బిగువు సమంగా లేని చక్రంలో ఈ అలసట మరీ తొందరగా వస్తుంది. ఒకటి తెగాక పక్కవీ ఒకదాని వెనక ఒకటి పోవడానికి కారణం అదే.

గేర్ల వెనక పుల్ల కదా, గేర్ల గుత్తి ఊడదీస్తే తప్ప హబ్బు రంధ్రం దొరకదు. టైరు, ట్యూబు, రిమ్ము పట్టీ విప్పాడు. తెగిన ముక్కలు రెండూ కలిపి కొత్త పుల్ల పక్కన పెట్టి పొడవు సరిచూశాడు. రంధ్రంలో దూర్చి, రెండు పుల్లల మీదుగా, మూడోదాని కిందుగా పోనిచ్చాడు. అంత పొడవు పుల్లను ఒక్క వంకర పడకుండా విల్లులా వంచి దూర్చడం చూడాలి! మరల మీద ఒక చుక్క నూనె వేసి, పుల్లను రిమ్ముకు బిగించే నిపిల్‌ను వేళ్లతోనే నాలుగు చుట్లు ఎక్కించాడు.

తర్వాతిదే అసలు పని. సైకిలును తలకిందులు చేసి, ఒక సుద్దముక్కను ఫ్రేముకు ఆనించి రిమ్ము పక్కన పట్టుకున్నాడు. చక్రం తిప్పితే వంకర ఉన్న చోట మాత్రమే తెల్లగీత పడింది. కుడి పుల్ల తెగడంతో అక్కడ రిమ్ము ఎడమకు జరిగిపోయింది. తెలియనివాడు కొత్త పుల్లనొక్కదాన్నే బిగిస్తూ పోతాడు. ఈయన కుడి పుల్లలు రెంటిని పావు తిప్పు బిగించి, మధ్యలో ఉన్న ఎడమ పుల్లను అంతకంటే తక్కువ వదిలాడు. ఇంట్లో నేనొకసారి ఈ ప్రయోగం చేసి ఉన్న వంకరను రెట్టింపు చేశాను. నిపిల్‌ను టైరు వైపు నుంచి చూస్తే సవ్యంగా తిప్పినప్పుడు బిగుస్తుంది, హబ్బు వైపు నుంచి చూస్తే అపసవ్యంగా. ఆ తిరకాసు నాకు ఎక్కలేదు.

ఆయన కీ తిప్పే తీరులో ఇంకో సూక్ష్మం ఉంది. కావలసినదాని కంటే రవ్వంత ఎక్కువ తిప్పి, ఆ రవ్వంతా వెనక్కి తెస్తాడు. ఎందుకంటే, నిపిల్‌తో పాటు సన్నటి పుల్ల కూడా మెలి తిరుగుతుంది. ఆ మెలిక అలాగే ఉంటే రోడ్డెక్కగానే విడిపోయి చక్రం మళ్లీ వంకరవుతుంది. చివర్లో జంట పుల్లలను గుప్పిట్లో పట్టి గట్టిగా పిసికాడు. టిక్, టిక్ అని మిగిలిన మెలికలు విడిపోయాయి. మళ్లీ సుద్ద, మళ్లీ కీ.

ఆఖరున మళ్లీ మీటాడు. కుడివైపువన్నీ దాదాపు ఒకే శ్రుతి, ఎడమవైపువి అంతకంటే కింది శ్రుతి. రెండు వైపులూ ఒకేలా ఎందుకు లేవని అడిగాను. "గేర్లకు జాగ కావాలె గద సార్. అందుకే కుడి దిక్కు నిటారుగ ఉంటయి, ఎక్కువ గుంజాలె" అన్నాడు. ఇంజనీరింగ్ చదివిన నాకు ఇంతకంటే పొట్టిగా చెప్పడం రాదు.

అవుటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరులో సోలార్ కప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు మీద నా చక్రం ఇప్పుడు చప్పుడు లేకుండా పోతోంది. పుల్ల తెగితే మాత్రం ఎక్కి తొక్కకండి. తెగిన ముక్కను పక్క పుల్లకు చుట్టి నడిపించుకుంటూ తీసుకెళ్లండి. అదనంగా రెండు పుల్లలు కొని ఫ్రేముకు టేపుతో అంటించుకోండి. వెనక చక్రానికి కుడి పుల్ల, ఎడమ పుల్ల పొడవు సాధారణంగా ఒకటి కాదు, రెండూ అడిగి తీసుకోండి.